తాత్కాలిక ఉపాధ్యాయులు

తాత్కాలిక ఉపాధ్యాయులు అనగా, పాఠశాలలో శాశ్వత ప్రాతిపదికన నియమితులైన ఉపాధ్యాయులు సెలవులో ఉన్నప్పుడు గానీ, బదిలీ లేదా పదవీ విరమణ వలన పోస్టు ఖాళీ అయినప్పుడు గానీ, ఆ తరగతులను పరిమిత కాలానికి నిర్వహించేవారు. ఈ కాలం ఒక్క రోజు కావచ్చు, ఒక విద్యా సంవత్సరం మొత్తమూ కావచ్చు. తెలుగు రాష్ట్రాలలో వీరిని కాలాన్ని బట్టి, యాజమాన్యాన్ని బట్టి విద్యా వాలంటీర్లు, అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లు, ఒప్పంద ఉపాధ్యాయులు, పార్ట్‌టైం ఉపాధ్యాయులు, అతిథి అధ్యాపకులు వంటి అనేక పేర్లతో పిలుస్తున్నారు. ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసుకొని శాశ్వత నియామకం కొరకు ఎదురుచూసే యువతీయువకులలో చాలామందికి బోధనానుభవం మొదట లభించేది ఈ మార్గంలోనే. ఈ వ్యాసం ప్రధానంగా తెలంగాణలోని సికింద్రాబాదును దృష్టిలో ఉంచుకొని, ఈ వృత్తి చరిత్రను, అర్హతలను, ప్రవేశ మార్గాలను, హక్కులను వివరిస్తుంది.

పేర్లు - అర్థభేదాలు

అమెరికాలో ఒక ఉపాధ్యాయుడు ఒక రోజు రాకపోతే ఆ రోజుకు మాత్రమే బయటి నుండి వేరొకరిని పిలిపించే పద్ధతి ఉన్నది. మన పాఠశాలలలో ఆ పద్ధతి దాదాపుగా లేదు. ఒకటి రెండు రోజుల సెలవును పాఠశాలలోని వారే సర్దుకుంటారు. ప్రధానోపాధ్యాయులు ఉదయం ప్రార్థన ముగియగానే ఆ రోజు సెలవులో ఉన్నవారి పీరియడ్లను, తీరిక పీరియడ్ ఉన్న తోటి ఉపాధ్యాయులకు పంచి, సర్దుబాటు పుస్తకంలో వ్రాసి సంతకాలు తీసుకుంటారు. దీనినే వాడుకలో అడ్జస్ట్‌మెంట్ అంటారు.

సెలవు దీర్ఘమైనప్పుడు, అనగా ప్రసూతి సెలవు, వైద్య కారణాలపై సెలవు వంటివి వచ్చినప్పుడు, బయటివారి అవసరం కలుగుతుంది. ఇట్టి ఖాళీని లీవ్ వేకెన్సీ అంటారు. పోస్టులో అసలు ఎవరూ లేకుండా ఉంటే అది క్లియర్ వేకెన్సీ. ఉద్యోగంలో చేరబోయేవారు ఈ తేడాను ముందుగానే తెలుసుకోవడం మంచిది. మొదటి దానిలో సెలవులో ఉన్నవారు తిరిగి వచ్చిన రోజుతో పని ముగుస్తుంది. రెండవ దానిలో కొత్త నియామకం జరిగేవరకు, లేదా విద్యా సంవత్సరం ముగిసేవరకు కొనసాగే అవకాశం ఉంటుంది.

అవసరం ఏర్పడే కారణాలు

ప్రాథమిక పాఠశాలలలో ఒకరిద్దరు ఉపాధ్యాయులే ఐదు తరగతులను చూసుకోవలసిన పరిస్థితి చాలాచోట్ల ఉన్నది. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆ ఒక్కరు సెలవు పెడితే బడి మూసివేయవలసినదే. అట్టి సందర్భాలలో సమీప పాఠశాల నుండి ఒకరిని డిప్యుటేషన్‌పై పంపడం గానీ, క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సి.ఆర్.పి.) చేత తరగతులు నడిపించడం గానీ జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ విధమైన విధులు నిర్వహించే వారిని సి.ఆర్.ఎం.టి.లు అని వ్యవహరించారు.

ఉన్నత పాఠశాలలలో సమస్య వేరు. అక్కడ ఒక్కో విషయానికి ఒకరిద్దరే ఉంటారు. గణితం బోధించే ఉపాధ్యాయిని 180 రోజుల ప్రసూతి సెలవుపై వెళితే, తెలుగు లేదా సాంఘికశాస్త్రం ఉపాధ్యాయులు ఆ పీరియడ్లలో పిల్లలను కూర్చోబెట్టగలరు కానీ పదవ తరగతి గణితాన్ని బోధించలేరు. విద్యా సంవత్సరం జూన్ నుండి ఏప్రిల్ వరకు మాత్రమే గనుక, అందులో ఆరు నెలలు ఒక విషయం బోధించేవారు లేకపోవడం అంటే ఆ తరగతి పిల్లలకు ఆ ఏడాది ఆ విషయం లేనట్లే. ఇంటివద్ద చెప్పేవారు గానీ, ట్యూషను స్థోమత గానీ లేని పిల్లలు ఎక్కువగా నష్టపోతారు.

ఉచిత, నిర్బంధ బాలల విద్యాహక్కు చట్టం - 2009 ప్రకారం ప్రాథమిక తరగతులలో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు, ప్రాథమికోన్నత తరగతులలో 35 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. అదే చట్టంలోని 26వ సెక్షను ప్రకారం ఏ పాఠశాలలోనూ ఉపాధ్యాయ ఖాళీలు మంజూరైన పోస్టులలో 10 శాతానికి మించరాదు. శాశ్వత నియామకాలు ఏటా జరగకపోవడం వలన ఈ నియమాన్ని పాటించడం కష్టమై, తాత్కాలిక నియామకాలు అనివార్యమవుతున్నాయి.

చరిత్ర

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో

తక్కువ పారితోషికంపై ఉపాధ్యాయులను తీసుకునే పద్ధతి ఉమ్మడి రాష్ట్రంలో 1980వ దశకంలో స్పష్టమైన రూపం దాల్చింది. నెలకు 398 రూపాయల పారితోషికంపై ప్రత్యేక ఉపాధ్యాయులను ఆ కాలంలో నియమించారు. ఆ మొత్తం పేరుగానే మిగిలిపోయి, వారిని నేటికీ "398 టీచర్లు" అని పిలుస్తారు. తరువాత వారు క్రమబద్ధమైన వేతన స్కేలులోకి వచ్చినప్పటికీ, 398 రూపాయలపై పనిచేసిన కాలానికి నోషనల్ ఇంక్రిమెంట్లు ఇవ్వాలనే కోర్కె ఉపాధ్యాయ సంఘాల విన్నపాలలో దశాబ్దాలపాటు కొనసాగింది. ఆ తరువాతి కాలంలో జిల్లా ఎంపిక సంఘం (డి.ఎస్.సి.) ద్వారా ఎంపికైన వారిని కూడా కొంతకాలం స్వల్ప వేతనంపై అప్రెంటిస్‌లుగా ఉంచి, పిదప స్కేలు ఇచ్చే విధానం అమలయింది.

1998లో ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్య (సామాజిక భాగస్వామ్యం) చట్టం వచ్చింది. దీని ద్వారా తల్లిదండ్రులతో కూడిన పాఠశాల విద్యా కమిటీలకు బడి నిర్వహణలో పాత్ర లభించింది. ఇదే కాలంలో స్థానికంగా చదువుకున్న యువతను స్వల్ప గౌరవ వేతనంపై బోధనకు తీసుకునే విద్యా వాలంటీర్ల పద్ధతి విస్తరించింది. దేశంలోని ఇతర రాష్ట్రాలలోనూ ఇటువంటివి ఉన్నాయి. రాజస్థాన్‌లో 1987లో ప్రారంభమైన శిక్షాకర్మి పథకం, మధ్యప్రదేశ్‌లో 1997లో విద్యా హామీ పథకం కింద వచ్చిన గురూజీలు, ఉత్తరప్రదేశ్‌లో 1999లో ప్రారంభమైన శిక్షామిత్ర పథకం ఇందుకు ఉదాహరణలు.

తెలంగాణలో

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత మొదటి ఉపాధ్యాయ నియామక ప్రకటన 2017 అక్టోబరులో 8,792 పోస్టులతో తెలంగాణ రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా వెలువడింది. దాని తరువాతి పెద్ద ప్రకటన 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో వచ్చింది. ఇందులో 6,508 సెకండరీ గ్రేడు ఉపాధ్యాయ (ఎస్.జి.టి.) పోస్టులు, 2,629 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు ఉన్నాయి. మిగిలినవి భాషా పండితులు, వ్యాయామ ఉపాధ్యాయులు, ప్రత్యేక అవసరాలు గల పిల్లల ఉపాధ్యాయుల పోస్టులు. ఎంపికైనవారికి అదే సంవత్సరం అక్టోబరులో నియామక పత్రాలు అందజేశారు.

ఈ రెండు ప్రకటనల నడుమ ఆరు సంవత్సరాలకు పైగా వ్యవధి ఉన్నది. అందులో మొదటి భాగంలో ఖాళీలను విద్యా వాలంటీర్లతోనే నింపారు. వారికి నెలకు 12,000 రూపాయల గౌరవ వేతనం చెల్లించేవారు. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా బడులు మూతబడ్డాయి. ఆ తరువాత విద్యా వాలంటీర్లను తిరిగి తీసుకోలేదు. 2021 సెప్టెంబరు 1న ప్రత్యక్ష తరగతులు మొదలైనప్పుడు కూడా వారి సేవలు పునరుద్ధరింపబడలేదు. ఏటా జూన్‌లో తిరిగి పిలుపు వస్తుందనే నమ్మకంతో వేరే వృత్తి చూసుకోని వేలాదిమందికి ఒక్కసారిగా జీవనోపాధి పోయింది. 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు, సిబ్బందికి తెలంగాణ ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం చొప్పున సహాయం ప్రకటించింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 పోస్టులతో మెగా డి.ఎస్.సి. జరిగింది. అక్కడ తాత్కాలిక బోధకులకు అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లు అనే పేరు వాడుకలో ఉన్నది.

సికింద్రాబాదులో అవకాశాలు

సికింద్రాబాదు 1806లో ఆంగ్లేయ సైనిక స్థావరంగా ఏర్పడి, మూడవ నిజాం సికిందర్ జా పేరును ధరించిన నగరం. సైన్యం, రైల్వే, క్రైస్తవ మిషనరీలు, స్థానిక దాతలు - ఇలా వేర్వేరు యాజమాన్యాలు ఇక్కడ బడులు స్థాపించాయి. 1862లో మొదలైన మహబూబ్ కళాశాల వీటిలో ప్రాచీనమైనది. స్వామి వివేకానందుడు 1893 ఫిబ్రవరిలో అక్కడ ప్రసంగించాడు. యాజమాన్యాలు వేర్వేరు గనుక తాత్కాలిక ఉపాధ్యాయుల నియామక పద్ధతులు కూడా ఇక్కడ ఒకే తీరుగా ఉండవు.

కేంద్రీయ విద్యాలయాలు

పికెట్, బోయిన్‌పల్లి, తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాలలో కేంద్రీయ విద్యాలయాలు ఉన్నాయి. కేంద్రీయ విద్యాలయ సంగఠన్ హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయం కూడా పికెట్‌లోనే ఉన్నది. ఈ విద్యాలయాలు సాధారణంగా విద్యా సంవత్సర ప్రారంభానికి ముందు, అనగా ఫిబ్రవరి, మార్చి నెలలలో, పార్ట్‌టైం ఒప్పంద ఉపాధ్యాయుల కొరకు ప్రకటన ఇచ్చి నేరుగా ముఖాముఖి జరుపుతాయి. ఎంపికైన వారి పేర్లతో ఒక జాబితా (ప్యానెల్) తయారవుతుంది. ఏడాదిలో ఖాళీ ఏర్పడినప్పుడు ఆ జాబితా నుండి వరుసగా పిలుస్తారు. జాబితాలో పేరు ఉండటం ఉద్యోగం వచ్చినట్లు కాదు. అయితే జాబితాలో లేనివారికి నడుమ పిలుపు రావడం అరుదు. కనుక జూన్ వరకు వేచి ఉండక ఫిబ్రవరి నుండే విద్యాలయాల ప్రకటనలను గమనించాలి.

ఆర్మీ పబ్లిక్ పాఠశాలలు

రామకృష్ణాపురం, బొల్లారంలలో ఆర్మీ పబ్లిక్ పాఠశాలలు ఉన్నాయి. ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ (1983లో స్థాపితం) దేశవ్యాప్తంగా నిర్వహించే ఆన్‌లైన్ స్క్రీనింగ్ పరీక్ష, పిదప ముఖాముఖి, బోధనా నైపుణ్య పరిశీలన అనే మూడు దశలలో ఎంపిక జరుగుతుంది. నియామకాలలో శాశ్వత, నిర్ణీతకాల, తాత్కాలిక (అడ్‌హాక్) అనే రకాలు ఉన్నాయి. సైనికాధికారుల కుటుంబాలు తరచు బదిలీపై వెళ్ళడం వలన, ఉపాధ్యాయినులుగా పనిచేసే వారి భార్యలు కూడా ఊరు మారవలసి వస్తుంది. అందుచేత ఈ బడులలో సంవత్సరం నడుమ ఖాళీలు ఏర్పడే అవకాశం ఎక్కువ.

రైల్వే పాఠశాలలు

దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా ఏర్పడింది. లాలాగూడలో రైల్వే పాఠశాల ఉన్నది. "సబ్‌స్టిట్యూట్" అనే మాటకు నియమావళిలో స్పష్టమైన నిర్వచనం ఉన్న సంస్థ రైల్వే. ఉద్యోగి సెలవు మొదలైన కారణాల వలన పోస్టు ఖాళీ అయి, దానిని ఖాళీగా ఉంచలేనప్పుడు, ఆ పోస్టుకు వర్తించే వేతన స్కేలుపైనే నియమింపబడే వ్యక్తి సబ్‌స్టిట్యూట్ అని భారతీయ రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ మాన్యువల్ చెబుతున్నది. ఇతర సబ్‌స్టిట్యూట్లకు నాలుగు నెలల ఎడతెగని సేవ తరువాత తాత్కాలిక ఉద్యోగుల హక్కులు లభిస్తే, పాఠశాల ఉపాధ్యాయులకు మూడు నెలలకే ఆ హోదా లభించేట్లు అందులో నియమం ఉన్నది. అయితే ఇటీవలి సంవత్సరాలలో రైల్వే బడులలో కూడా ఒప్పంద పద్ధతిపై తీసుకోవడమే ఎక్కువయింది. ఒప్పంద ఉపాధ్యాయులకు పై నియమం దానంతట అదే వర్తించదు గనుక, నియామక పత్రంలో ఏ పదం వాడారో చదివి చూసుకోవాలి.

ప్రభుత్వ, ప్రైవేటు పాఠశాలలు

సికింద్రాబాదు, మారేడుపల్లి, తిరుమలగిరి మండలాలు హైదరాబాదు జిల్లాలో ఉండగా, అల్వాల్, మల్కాజ్‌గిరి మండలాలు మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోకి వస్తాయి. రెండింటికీ జిల్లా విద్యాశాఖాధికారులు వేర్వేరు. కనుక ప్రభుత్వ బడులలో అవకాశాల కొరకు తమ ప్రాంతం ఏ జిల్లాలో ఉన్నదో చూసుకొని ఆ కార్యాలయ ప్రకటనలను గమనించాలి. గురుకుల పాఠశాలలలో, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలలో కూడా పార్ట్‌టైం, ఒప్పంద ఉపాధ్యాయుల అవసరం ఏర్పడుతుంటుంది. ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో అతిథి అధ్యాపకులను తీసుకుంటారు.

ప్రైవేటు పాఠశాలలలో నియామకం యాజమాన్యం ఇష్టంపై ఆధారపడుతుంది. దరఖాస్తు, ముఖాముఖి, ఒక మాదిరి పాఠం (డెమో) - సాధారణంగా ఇదే పద్ధతి. తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం ప్రకారం సి.బి.ఎస్.ఇ., ఐ.సి.ఎస్.ఇ. వంటి కేంద్ర బోర్డులకు అనుబంధంగా ఉన్న పాఠశాలలలో కూడా తెలుగు బోధన తప్పనిసరి అయింది. పలు భాషల కుటుంబాలు నివసించే సికింద్రాబాదులో, తెలుగు మాతృభాష కాని పిల్లలకు మొదటి అక్షరం నుండి నేర్పగల తెలుగు ఉపాధ్యాయుల అవసరం దీనితో పెరిగింది.

అర్హతలు

జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి (ఎన్.సి.టి.ఇ.) 2010 ఆగస్టు 23న వెలువరించిన ప్రకటన 1 నుండి 8 తరగతుల ఉపాధ్యాయులకు కనీస అర్హతలను నిర్దేశించింది. తాత్కాలిక నియామకాలలో కూడా సాధారణంగా ఇవే అర్హతలను అడుగుతారు.

* ప్రాథమిక తరగతులకు (1-5): ఇంటర్మీడియట్, రెండేళ్ళ ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా (డి.ఎల్.ఎడ్., పూర్వపు టి.టి.సి., డి.ఎడ్.), టెట్ మొదటి పేపరులో ఉత్తీర్ణత.
* ప్రాథమికోన్నత తరగతులకు (6-8): సంబంధిత విషయంలో డిగ్రీ, బి.ఎడ్., టెట్ రెండవ పేపరులో ఉత్తీర్ణత.
* ఉన్నత తరగతులకు (9-10): సంబంధిత విషయంలో డిగ్రీ, బి.ఎడ్.

బి.ఎడ్. చేసినవారు ప్రాథమిక తరగతులకు అర్హులు కారని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు ఇచ్చింది. చిన్న పిల్లలకు చదువు చెప్పడం వేరొక విద్య అనీ, దానికి ప్రత్యేక శిక్షణ కావాలనీ ఆ తీర్పు సారాంశం. కనుక బి.ఎడ్. మాత్రమే ఉన్నవారు ప్రాథమిక పాఠశాల ఖాళీలకు దరఖాస్తు చేసేముందు ప్రకటనను జాగ్రత్తగా చదవాలి.

ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) ఉమ్మడి రాష్ట్రంలో తొలిసారి 2011లో, తెలంగాణలో తొలిసారి 2016లో జరిగింది. ప్రతి పేపరు 150 మార్కులకు ఉంటుంది. ఉత్తీర్ణతకు జనరల్ అభ్యర్థులకు 90, వెనుకబడిన తరగతుల వారికి 75, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, దివ్యాంగులకు 60 మార్కులు రావాలి. మొదట ఏడేళ్ళుగా ఉన్న ఈ అర్హత కాలాన్ని 2021లో జీవితకాలానికి పెంచారు. డి.ఎస్.సి.లో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉన్నది. అందుచేత ఉత్తీర్ణులైనవారు కూడా మార్కులు పెంచుకొనుటకు మళ్ళీ వ్రాస్తుంటారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, పదవీ విరమణకు ఐదేళ్ళకు మించి సేవ మిగిలి ఉన్న ప్రస్తుత ఉపాధ్యాయులకు కూడా టెట్ తప్పనిసరి అయింది. కనుక తాత్కాలికంగా పనిచేస్తూనే టెట్ పూర్తి చేసుకోవడం మేలు.

దరఖాస్తుకు సిద్ధం కావలసినవి

విద్యార్హతల ధ్రువపత్రాలు, టెట్ మార్కుల పత్రం, కుల, నివాస ధ్రువపత్రాలు, ఆధార్, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా వివరాలు, పూర్వానుభవ పత్రాలు ఉంటే అవి - వీటి నకళ్ళను రెండు మూడు జతలు సిద్ధంగా ఉంచుకోవాలి. ఖాళీ గురించి తెలిసిన రోజుకు, చేరవలసిన రోజుకు నడుమ వ్యవధి తరచు రెండు మూడు రోజులే ఉంటుంది.

అసలు ధ్రువపత్రాలను పరిశీలనకు చూపించి వెంటనే తిరిగి తీసుకోవాలి. కొన్ని ప్రైవేటు యాజమాన్యాలు విద్యా సంవత్సరం నడుమ మానివేయకుండా ఉండుటకు అసలు పత్రాలను తమ వద్ద ఉంచుకుంటాయి. డి.ఎస్.సి. ధ్రువపత్రాల పరిశీలన హఠాత్తుగా వచ్చినప్పుడు అవి చేతిలో లేక ఇబ్బంది పడినవారు ఉన్నారు.

మాదిరి పాఠానికి పది పదిహేను నిమిషాలకు మించి సమయం ఇవ్వరు. పెద్ద అంశాన్ని తొందరగా ముగించడం కంటే, ఒక చిన్న భావనను ఎంచుకొని, పిల్లలచేత చెప్పించి, ఒక ప్రశ్నతో వారికి అర్థమైనదో లేదో పరీక్షించడం మంచిది. తెలంగాణ ప్రభుత్వ బడులలో 2022-23 నుండి ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టి ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. ఒక పేజీలో ఆంగ్లం, ఎదుటి పేజీలో తెలుగు ఉంటాయి. రెండు పేజీలనూ కలిపి బోధించగలవారికి ఇప్పుడు ఆదరణ ఉన్నది.

తొలి దినాలు

కొత్తగా చేరినవారు మొదటి రోజున ప్రధానోపాధ్యాయుల నుండి ఈ క్రింది విషయాలు అడిగి తెలుసుకోవాలి.

* కాలనిర్ణయ పట్టిక, అందులో తమ పీరియడ్లు.
* హాజరుపట్టీ వ్రాసే పద్ధతి, మధ్యాహ్న భోజనపు లెక్క పంపవలసిన వేళ.
* వార్షిక ప్రణాళికలో ఆ తరగతి ఎక్కడ ఉన్నది, వాస్తవంగా పాఠం ఎక్కడ ఆగినది.
* నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక మూల్యాంకనాల తేదీలు, ఇదివరకటి మార్కులు.
* మూర్ఛ, ఉబ్బసం వంటి ఆరోగ్య సమస్యలు ఉన్న పిల్లలు, ప్రత్యేక అవసరాలు గల పిల్లల వివరాలు.

సెలవులో ఉన్న ఉపాధ్యాయులతో వీలైతే ఒకసారి మాట్లాడటం చాలా ఉపయోగకరం. పుస్తకంలో గుర్తు పెట్టిన పేజీకి, తరగతికి వాస్తవంగా అర్థమైన పాఠానికి తేడా ఉండవచ్చు. మొదటి రెండు రోజులలో కొత్త పాఠం మొదలుపెట్టక, గత పాఠాలపై చిన్న ప్రశ్నలు అడిగి, నోటు పుస్తకాలు చూసి, తరగతి స్థాయిని అంచనా వేయడం అనుభవజ్ఞులు అనుసరించే మార్గం. ఉదాహరణకు, ఎనిమిదవ తరగతి వర్గమూలాలకు వచ్చినప్పటికీ, సగం మందికి ఎక్కాలు, భాగహారం రాకపోవచ్చు. అట్టి తరగతిలో రోజూ పది నిమిషాలు భాగహారానికి కేటాయించడం వలన నెల తరువాత పాఠం వేగం పుంజుకుంటుంది.

కొత్తవారిని పిల్లలు పరీక్షించడం సహజం. "మీరు మాకు అసలు టీచరు కాదు కదా" అనే మాట ఎక్కడో ఒకచోట వినవలసి వస్తుంది. ఈ మాటకు కోపగించుకొనుట వలన ప్రయోజనం లేదు. పేర్లు త్వరగా నేర్చుకోవడం, గంట మ్రోగగానే తరగతిలో ఉండటం, ఇచ్చిన ఇంటిపనిని మరునాడు తప్పక దిద్దడం - ఈ మూడు పనులు క్రమంగా గౌరవాన్ని తెచ్చిపెడతాయి. పాత ఉపాధ్యాయుని పద్ధతులను పిల్లల ఎదుట విమర్శించరాదు. వారు తిరిగి రాగానే అదే తరగతిని నడపవలసి ఉంటుంది.

వెళ్ళిపోయేటప్పుడు అప్పగింత అన్నింటికంటె ముఖ్యమైనది. ఏ పాఠం వరకు వచ్చారు, ఏ పిల్లలు ఏ భావన దగ్గర వెనుకబడ్డారు, ఏ పరీక్షల మార్కులు నమోదు చేశారు అనే విషయాలను ఒక పేజీలో వ్రాసి ఇవ్వాలి. ఈ పేజీ లేకపోతే తిరిగి వచ్చినవారు మళ్ళీ మొదటి నుండి వెదకవలసి వస్తుంది. ఆ కాలనష్టం పిల్లలదే.

చట్టపరమైన బాధ్యతలు

ఒక్క నెల పనిచేసినవారికైనా, ముప్పై ఏళ్ళు పనిచేసినవారికైనా పిల్లల రక్షణ చట్టాలు ఒకే విధంగా వర్తిస్తాయి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధిస్తుంది. 24వ సెక్షను ఉపాధ్యాయుల విధులను, అనగా సమయపాలన, పాఠ్యప్రణాళిక పూర్తి చేయడం, ప్రతి పిల్లవాని స్థాయిని అంచనా వేసి అవసరమైతే అదనపు బోధన చేయడం, తల్లిదండ్రులతో సమావేశాలు జరపడం మొదలైన వాటిని పేర్కొంటుంది. 28వ సెక్షను ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పడాన్ని నిషేధిస్తుంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిసినవారు దానిని పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. తెలియజేయకపోవడం శిక్షార్హం.

వేతనం, హక్కులు

తాత్కాలిక ఉపాధ్యాయుల వేతనాలలో చాలా వ్యత్యాసం ఉన్నది. కొన్ని సంస్థలు నెలకు ఇంత అని, కొన్ని పీరియడుకు ఇంత అని చెల్లిస్తాయి. పీరియడు లెక్కన చెల్లించే చోట దసరా, సంక్రాంతి సెలవులు వచ్చిన నెలలలో ఆదాయం బాగా తగ్గుతుంది. చాలాచోట్ల వేసవి సెలవులకు వేతనం ఉండదు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని గమనింపదగినవి.

* రతన్ లాల్ కేసు (1985): విద్యా సంవత్సరం ఆరంభంలో అడ్‌హాక్ ఉపాధ్యాయులను తీసుకొని, వేసవి సెలవుల ముందు తొలగించి, మళ్ళీ తీసుకునే హర్యానా ప్రభుత్వ పద్ధతిని కోర్టు తీవ్రంగా ఆక్షేపించింది.
* ఉమాదేవి కేసు (2006): నిర్ణీత ఎంపిక పద్ధతి ద్వారా కాక తాత్కాలికంగా చేరినవారికి, ఎంతకాలం పనిచేసినా, క్రమబద్ధీకరణ కోరే హక్కు దానంతట అదే రాదని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.
* జగ్‌జీత్ సింగ్ కేసు (2016): శాశ్వత ఉద్యోగులతో సమానమైన పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు ఆ పోస్టు స్కేలులోని కనీస వేతనం ఇవ్వాలని, సమాన పనికి సమాన వేతన సూత్రం వారికి వర్తిస్తుందని పేర్కొన్నది.

రెండవ తీర్పు ఈ వృత్తిలోకి వచ్చేవారు మరువరానిది. తాత్కాలిక ఉద్యోగం శాశ్వత ఉద్యోగానికి దారి కాదు. దారి డి.ఎస్.సి. వంటి ఎంపిక పరీక్షే. ఏటా కొనసాగింపు దొరుకుతున్నదని పరీక్షకు చదవడం మానివేసి, వయోపరిమితి దాటిన తరువాత చింతించినవారు విద్యా వాలంటీర్లలో ఎందరో ఉన్నారు.

ఇరవైమంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రైవేటు సంస్థలలో భవిష్యనిధి నియమాలు వర్తిస్తాయి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ప్రకారం, నిర్ణీతకాల ఒప్పందంపై పనిచేసేవారికి ఒక సంవత్సరం సేవ పూర్తయితే గ్రాట్యుటీ అర్హత లభిస్తుంది. పూర్వం దీనికి సాధారణంగా ఐదేళ్ళ సేవ అవసరమయ్యేది. పదకొండు నెలలకో, పది నెలలకో ఒప్పందం ముగించే పద్ధతి ఉన్నచోట ఈ ప్రయోజనం అందకుండా పోవచ్చు. కనుక చేరిన తేదీ, ముగింపు తేదీ, నెల వేతనం, సెలవుల వేతనం ఉన్న నియామక పత్రాన్ని లిఖితపూర్వకంగా తీసుకోవాలి. వేతనాన్ని నగదుగా కాక బ్యాంకు ఖాతా ద్వారా తీసుకోవడం వలన సేవకు రుజువు ఉంటుంది. మానివేసేటప్పుడు అనుభవ ధ్రువపత్రం పొందాలి. కొన్ని నియామకాలకు ప్రైవేటు పాఠశాల అనుభవ పత్రంపై జిల్లా విద్యాశాఖాధికారి సంతకం కూడా అడుగుతారు.

పరిశోధన, విమర్శ

తాత్కాలిక ఉపాధ్యాయుల వలన విద్యాప్రమాణాలు పడిపోతాయని ఒక వాదన ఉన్నది. ఈ అంశంపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక ప్రసిద్ధ అధ్యయనం జరిగింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన 100 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు ఒక్కొక్క ఒప్పంద ఉపాధ్యాయుని అదనంగా ఇచ్చి ఫలితాలను పరిశీలించారు. రెండేళ్ళ తరువాత ఆ బడులలోని పిల్లలు గణితంలోను, భాషలోను ఇతర బడుల పిల్లల కంటె మెరుగైన ఫలితాలు చూపారు. ఒప్పంద ఉపాధ్యాయుల గైర్హాజరు కూడా శాశ్వత ఉపాధ్యాయుల కంటె తక్కువగా ఉన్నది. వారి వేతనం మాత్రం శాశ్వత ఉపాధ్యాయుల వేతనంలో సుమారు ఐదవ వంతు.

ఈ ఫలితాన్ని రెండు విధాలుగా చదువుతారు. తక్కువ ఖర్చుతో పని జరుగుతున్నది గనుక ఈ పద్ధతినే విస్తరించవచ్చునని ఒక పక్షం అంటుంది. అంత బాగా పనిచేసేవారికి ఐదవ వంతు వేతనం ఇవ్వడం అన్యాయమని, అది వృత్తి గౌరవాన్ని తగ్గిస్తుందని ఉపాధ్యాయ సంఘాలు అంటాయి. ఆ బడులలో ఉపాధ్యాయుల సంఖ్య పెరిగింది గనుక తరగతి పరిమాణం తగ్గిన ప్రభావం కూడా ఫలితాలలో ఉన్నదని గుర్తించాలి. శాశ్వత ఉపాధ్యాయుల స్థానంలో తాత్కాలికులను పెట్టడం, ఉన్నవారికి తోడుగా ఇవ్వడం - ఈ రెండూ ఒకటి కావు.

ఇతర దేశాలలో

ఇంగ్లండులో వీరిని సప్లై టీచర్లు అంటారు. అనేకులు ప్రైవేటు ఏజెన్సీల ద్వారా రోజువారీ పనికి వెళతారు. అమెరికాలో సబ్‌స్టిట్యూట్ టీచర్ల వ్యవస్థ ప్రతి పాఠశాల జిల్లాలోను ఉన్నది. అర్హతలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. కాలిఫోర్నియాలో డిగ్రీ చదివినవారికి 30 రోజుల సబ్‌స్టిట్యూట్ పర్మిట్ ఇస్తారు. ఒకే ఉపాధ్యాయుని స్థానంలో పనిచేయగల రోజులకు పరిమితి ఉంటుందని దాని అర్థం. భారతదేశంలో చదివిన డిగ్రీని అక్కడి గుర్తింపు పొందిన సంస్థచేత మదింపు చేయించుకోవాలి. వేలిముద్రల ద్వారా నేరచరిత్ర పరిశీలన కూడా తప్పనిసరి. పని అనుమతి ఉన్న ప్రవాస తెలుగువారిలో, ముఖ్యంగా స్వదేశంలో ఉపాధ్యాయినులుగా పనిచేసిన గృహిణులలో, కొందరు ఈ మార్గంలో తిరిగి బోధనలోకి ప్రవేశిస్తున్నారు.

ఇవి కూడా చూడండి

* విద్యాహక్కు చట్టం
* ఉపాధ్యాయ అర్హత పరీక్ష
* జిల్లా ఎంపిక సంఘం
* ఏకోపాధ్యాయ పాఠశాల
* సికింద్రాబాదు